మొదటి వాయి

పొద్దుగాల ఐదున్నరకే
డబ్బా సంకలేసుకోని గిర్నికి పోత.
వనపర్తి పాత బజార్ల ఇంకొక్క షట్టరన్న లేవదు.
"మొదటి వాయి నాదే" అంట.
ఖాజా మియా తల ఊపి,
నిన్నటి గోధుమ దుమ్మంత గుడ్డతోటి దులిపి,
బ్రష్షుతోటి గీకి,
పిడికెడు నూకలు ముందుగాల పోసి, తిప్పి, పారబోసి
"ఇగ పొయ్యమ్మా, నీ బిడ్డ జొన్నలు" అంటడు.
మొదట్ల నన్ను పిచ్చిదాననుకున్నడు.

బిడ్డకు నాలుగేండ్లు నిండకముందే
కడుపు ఉబ్బి, కాళ్లు పుల్లలైనయి.
మహబూబ్‌నగర్ల డాక్టరు
చీటీ మీద అడ్డంగ గీత గీసి చెప్పిండు:
గోధుమ బంద్. మైదా బంద్. రవ్వ బంద్.
బన్ను, బిస్కెట్టు, సేమియా,
ఒక్క తునక గూడ.
మా అత్త నర్సింగమ్మ విన్నది.
"మా చిన్నతనంల గోధుమలు ఎవరు జూసిండ్రు?"
అనుకుంట పెనం ఎక్కిచ్చింది.
గంతే, ఆమె బాధపడుడు.

రొట్టెతోటి ఏ బాధా లేదు.
బాధంత కేకుతోటే.

పోయినేడు బడిల ఎవరిదో పుట్టినరోజు.
ముప్పై మూతులకు క్రీము.
నా చైత్రిక చేతుల చాక్లెట్ కాగితం,
మడతపెట్టి, విప్పి, మళ్ల మడతపెట్టి
ఇంటిదాంక తెచ్చింది.
పోపుల డబ్బాల, జీలకర్ర గిన్నె కింద
ఇంకా ఉన్నది అది.

కుక్కర్ల ఉప్పు పోసి, విజిల్ తీసి,
నలభై నిమిషాలు కూసున్న.
మొదటి కేకు మూత తీస్తే
ఎండకాలం కుంట, అంత నెర్రెలు.
రెండోది ఇటుక. మా బుడ్డోడు దాని మీద నిలబడి
బెల్లం డబ్బా అందుకోవాలని జూసిండు.
మూడోది పొడి పొడి.
పెరుగుల కలుపుకోని తిన్నం, ఎవ్వరికి చెప్పలే.

ఇసబ్‌గోల్ వెయ్యమని ఎవరో అన్నరు.
మెడికల్ షాపు పిలగాడు గొంతు తగ్గించి అడిగిండు:
"ఎవరికక్కా, పెద్దమనిషికా?"
"కాదు తమ్మీ, కేకుకు."
పాపం, చిల్లర తప్పిచ్చిండు.

నాలుగోసారి గుడ్లు గిలకొడుతుంటే నల్లా వచ్చింది.
నల్లా ఆగదు, గుడ్లు ఆగవు.
బిందె నిండి గచ్చు మీద పారింది,
బుడ్డోడు పిండిల చెయ్యి ముంచి
ఫ్రిజ్జుకు ఐదు వేళ్లు అచ్చేసిండు,
బిడ్డది ఒక్క సాక్సు దొరకలే,
డిపోకు పోయేటాయన "నా డబ్బా ఏది" అన్నడు,
గరిటె చూపిచ్చిన. మాట్లాడకుండ పోయిండు.

అప్పుడు అత్త చేటల బియ్యం ఆపి,
తలెత్తకుండనే అన్నది:
"జొన్నపిండికి జిగురుండదే పిల్లా.
సల్లనీళ్లకు లొంగదు.
ఎసరు పొయ్యి, చెయ్యి కాలినా పిసుకు,
గప్పుడు మాట వింటది."

డాక్టరు చీటీల నోరు తిరగని ఆ మాట
మా ఇంట్ల ఎప్పటిసంది ఉన్నదో!
జిగురు.
ముప్పై రొట్టెలు చేసిన చేతులు నావి,
కేకనంగనే చదువుకున్నదాని లెక్క
అన్నీ మరిచిపోయినయి.

సగం పిండికి ఎసరు పోసిన.
బెల్లం, మాగిన అరటిపండు, ఇలాచి.
కుక్కర్ల వాసన మారింది.
మూత తీస్తే పొంగి ఉన్నది. శాన గాదు,
బుడ్డోని బుగ్గంత.

దాని పుట్టినరోజుకు
ముప్పై ముక్కలు కోసి స్టీలు డబ్బాల పెట్టి పంపిన.
పొద్దంత గడియారం జూసిన.
తింటరా? ఉమ్మేస్తరా?
మళ్ల కాగితం మడతపెట్టుకోని వస్తదా?

నాలుగున్నరకు ఆటో దిగింది,
డబ్బా నేలకేసి కొట్టింది.
"అందరు రెండ్రెండు గుంజుకున్నరు!
టీచరు గూడ తిన్నది!
నాకు పొడే మిగిలింది మమ్మీ, పొడి!"

సంకల బ్యాగు, ముక్కుల చీమిడి,
ఏడుపంటే ఏడుపా అది!
నేను నవ్వొద్దని పెదవి కొరుక్కుంటున్న.
అత్త మాత్రం అప్పటికే లేచి
ఎసరుకు నీళ్లు పెడుతున్నది.